ఈదయ్య గేజీ ఎరుపెక్కింది

నాకు కంప్యూటరంటే పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. ఇరవై ఎనిమిదేళ్లుగా మిర్యాలగూడలో ఒక కాలువల ఆఫీసులో పనిచేస్తున్నాను. పేరు స్వరాజ్యలక్ష్మి, హోదా సీనియర్ అసిస్టెంటు, నోరు కొంచెం పెద్దది. పుట్టింది కోదాడలో. నా మాట విని "మేడం ఆంధ్రానా?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాను.

సాగర్ ఎడమ కాలువ నుంచి చీలి కోదాడ వైపు పోయే ఎర్రకుంట మేజర్ అనే పిల్లకాలువ మా ఆఫీసు కింద ఉంది. దాని మీద ఆరు చోట్ల గోడకు గేజీ గీతలుంటాయి. నీళ్లు ఎంత ఎత్తున పారుతున్నాయో ఆ గీతలు చూసి చెప్పాలి. ఒక్కో గేజీకి ఒక లష్కరు. తూములు తెరిచేది, మూసేది, గట్టు కాపలా కాసేది, నీళ్ల కోసం కొట్లాడుకునే రైతుల మధ్య నిలబడి ఇటు తిట్లూ అటు తిట్లూ తినేది అతనే. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి గేజీ చూసి అంకె రాసుకుని మాకు పంపుతాడు. పూర్వం ఫోన్ చేసి చెప్పేవాళ్లు, ఇప్పుడు వాట్సాప్‌లో పెడుతున్నారు. దాన్ని నేను రిజిస్టర్‌లో ఎక్కిస్తాను. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని రిటైరైన ఆఫీసర్లు కూడా ఒప్పుకుంటారు.

అలాంటి నా రిజిస్టర్ మీదకి అఖిల వచ్చింది. కొత్త ఏఈ, అంటే మా సెక్షన్ ఇంజనీరు. సూర్యాపేట అమ్మాయి, ఇరవై ఆరేళ్లుంటాయి. వచ్చిన వారానికే పోయిన యాసంగి, అంటే రబీ పంట రిజిస్టర్ పట్టుకుపోయి, రెండు రోజులు కూర్చుని, అందులోని అంకెలన్నీ కంప్యూటర్లో కొట్టింది. నా దస్తూరీ మీద అనుమానమేమోనని నాకు ఒళ్లు మండింది.

మూడో రోజు నన్ను పిలిచింది. తెర మీద గడులు, గడుల్లో అంకెలు. ఎడమ చివర మొదటి గేజీ వరస, కుడి చివర ఆరో గేజీ వరస.

"మేడం, దీన్ని చూస్తే మీకేమన్న సమజయితుందా?"

"ఏముంది సమజు కావడానికి? అంకెలు. నా చేత్తో రాసినవే."

"ఇప్పుడు సూడండి. ప్రతి గేజీ కాడ నీళ్లు రెండున్నర అడుగులుండాలె గద. గంతకు తక్కువుంటే గడి ఎర్రగ కావాలె, లేకుంటే పచ్చగ కావాలె. గీ షరతు పెడుతున్న. దీన్ని కండిషనల్ ఫార్మాటింగ్ అంటరు."

ఒక మీట నొక్కింది. అంతే. అప్పటిదాకా తెల్లగా చచ్చుగా ఉన్న తెర ఒక్కసారిగా రంగు తేలింది. మొదటి రెండు వరసలు పైనుంచి కిందదాకా పచ్చటి పచ్చ. మూడు, నాలుగు, ఐదు అక్కడక్కడా ఎర్రచుక్కలతో పచ్చగానే ఉన్నాయి. ఆరో వరస మాత్రం కళ్లంలో మిరపకాయలు ఆరబోసినట్టు ఉంది. నాలుగు నెలల్లో పచ్చగడి వెతికినా దొరకలేదు.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆరో గేజీ కింద బాలమ్మ అని ఒక రైతు ఉంది. రెండెకరాల మనిషి, మొగుడు లేడు. ఏటా యాసంగిలో, వరి పొట్టకొచ్చే వేళకి, మా ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు నిలబడేది. నీళ్లు రావట్లేదని గొంతు చించుకునేది. "రిజిస్టర్‌లో అంతా ఉందమ్మా, సార్ చూస్తారు" అని పంపేసేదాన్ని. నిజమే, అంతా రిజిస్టర్‌లోనే ఉంది. రాసిన నేను చూడలేదు, సంతకాలు పెట్టినవాళ్లూ చూడలేదు. ఈ పిల్ల ఒక్క షరతు పెట్టి, బాలమ్మ ఆరేళ్లుగా అరుస్తున్న మాటని మా మొహాల ముందు నిలబెట్టింది.

నాకు సిగ్గేసింది. దాంతోపాటు ఆ అమ్మాయి మీద గౌరవం కూడా వచ్చింది. ఆ సంగతి అప్పుడు పైకి చెప్పలేదు. "రంగులు బాగున్నాయమ్మా" అన్నాను, అంతే.

మా పైఅధికారి డీఈ వంశీధర్ సార్ నాలాంటివాడు కాదు. మెచ్చుకోవడం మొదలుపెడితే ఆపడు. ఆ షీటు రంగుల్లో ప్రింటు తీయించి గోడకి అంటించాడు. వచ్చినవాళ్లందరికీ చూపించాడు. తర్వాత మంచి పనే చేశాడు. చివరి గేజీ దగ్గరున్న బద్ధకస్తుణ్ని తీసి, రెండో గేజీ దగ్గరున్న ఈదయ్యని అక్కడికి మార్చాడు.

ఈదయ్యది ఆత్మకూర్ (ఎస్). యాభై ఐదేళ్ల మనిషి, ఎండుకట్టెలా ఉంటాడు. ఇరవై నాలుగేళ్లుగా కాలువ మీదే. పర్మినెంటు కాదు, కాంట్రాక్టరు కింద పని. నువ్వు పోవాల్సిందేనని సార్ అంటే ఒక్క మాట ఎదురు చెప్పలేదు. "చివర తూముకు నీళ్లెక్కితేనే కాలువ పారినట్టు సార్" అన్నాడు. పాత గుడిసె నుంచి మంచం సైకిలుకి కట్టుకుని చివరి గేజీ దగ్గరికి పోయాడు. పోయిన మర్నాడే గేజీ గీతలు సొంత డబ్బులతో నల్లరంగు కొని మళ్లీ రాశాడని విన్నాం.

ఈ యాసంగి మొదలైంది. పది రోజులు నీళ్లు, ఐదు రోజులు బందు, అదీ పద్ధతి. నీళ్లిచ్చే ఆ పది రోజుల్నే ఒక తడి అంటాం. రిజిస్టర్‌లో రాసిన వెంటనే షీటులో కూడా కొట్టమని అఖిల నాకే అప్పజెప్పింది. కొట్టేదాన్ని. గడి పచ్చబడితే నాకు కూడా లోపల ఒక చిన్న సంతోషం కలిగేది. మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లల ప్రోగ్రెస్ కార్డు చూస్తున్నట్టుండేది.

ఒక్క చిరాకు. ఈదయ్య పంపిన 2.10 కొట్టి ఎంటర్ నొక్కితే అది 2.1 అయి కూర్చునేది. మళ్లీ కొట్టినా అంతే.

"నా సున్నా మింగేస్తోందమ్మా ఇది" అన్నాను అఖిలతో.

ఆమె నవ్వింది. "పాయింట్ తర్వాత చివర సున్నాకు విలువ లేదు మేడం. గందుకే తీసేస్తది. మీరు పరేషాన్ కాకండి."

పదో తరగతి లెక్కల్లో నాకొచ్చినవి ముప్పై ఆరు. నోరు మూసుకున్నాను.

నాలుగు తడులు గడిచాయి. ఐదు వరసలు పచ్చగా ఉన్నాయి. నాలుగో గేజీ లష్కరు రోజూ పొద్దునా సాయంత్రం 2.5 అని పంపేవాడు, ఎండకీ వానకీ కూడా మారకుండా. అతని వరస అరటాకులా నిగనిగలాడేది. ఈదయ్య వరస మాత్రం ఎరుపు. 2.10, 2.11, మళ్లీ 2.11, మళ్లీ 2.10. పోయిన యాసంగి ఎంత ఎరుపో ఇదీ దాదాపు అంతే.

ఇంకో సంగతి కూడా జరిగింది, అది మేమెవ్వరం పట్టించుకోలేదు. వరి పొట్టకొచ్చే వేళయింది, బాలమ్మ మాత్రం ఆఫీసుకి రాలేదు. చివరి ఊళ్ల నుంచి ఫోన్లు కూడా లేవు. హమ్మయ్య, ఈ ఏడు ప్రాణం హాయిగా ఉంది అనుకున్నాను. ఎందుకు హాయిగా ఉందని నన్ను నేను అడగలేదు.

ఐదో తడి మొదలైన రోజుల్లో ఈదయ్య నాకు ఫోన్ చేశాడు. "మేడం, నా గేజీ ఎర్రగొస్తున్నదట గద. జర సూడుండ్రి, నేను పంపిందే రాస్తున్నరా?" అని అడిగాడు.

"ఇరవై ఎనిమిదేళ్లుగా రాస్తున్నా. రాయడం నువ్వు నాకు నేర్పుతావా?" అని పెట్టేశాను. నా దస్తూరీని అంటే నాకు ఆగదు.

ఆ వారమే డీఈ సార్ షీటు ముందేసుకుని అఖిలని పిలిచాడు, నేనూ అక్కడే ఉన్నాను.

"మనిషిని మార్చినం. రంగెందుకు మారలే? పైన ఐదు గేజీలల్ల నీళ్లున్నయి, చివర లేవు. అంటే ఏంది? ఐదుకు ఆరుకు నడుమ తూములన్నీ ఇడిసిపెట్టి, పైరైతుల కాడ మంచి పేరు తెచ్చుకుంటున్నడు. అంతేనా?"

అఖిల షీటు వైపు చూసింది. ఆమె మొహంలో ఏదో తటపటాయింపు ఉంది. అయినా, "డేటా అయితే అట్లనే ఉంది సార్" అంది.

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఈదయ్య మీద పడింది. వచ్చే సోమవారం నుంచి అతన్ని తీసేసి వేరే మనిషిని పెట్టమని కాంట్రాక్టరుకి లెటర్ టైపు చేశాను, ఒక ప్రతి ఈదయ్యకి. నా బల్ల దాటాలంటే ఏ కాగితానికైనా నాలుగు రోజులు పడుతుందని ఆఫీసులో పేరుంది. ఆ కాగితం గంటలో పోయింది. ఫోన్లో అతనన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది మరి.

అది మంగళవారం. బుధవారం మధ్యాహ్నం కాంట్రాక్టరు మనిషి వెళ్లి ఈదయ్య దగ్గర రిజిస్టరూ, ఆఫీసు ఫోనూ తీసుకున్నాడు. ఆ సాయంత్రం నుంచి ఆరో గేజీ కబురు ఆగిపోయింది. ఖాళీ గడికి బూడిదరంగు రావాలని అఖిల ముందే షరతు పెట్టింది. గురువారం ఉదయం చూస్తే ఎర్రవరస కింద ఒక బూడిదగడి, దాని కింద ఇంకోటి.

శుక్రవారం పొద్దున పదింటికి ఆఫీసు తలుపు తీశానో లేదో, బాలమ్మ వచ్చింది. మోకాళ్ల దాకా చీర మీద బురద ఎండి ఉంది. సంచిలోంచి ఏదో కాగితం తీస్తుందేమో, ఈ ఏడు అర్జీ ఆలస్యమైందే అనుకున్నాను. ఏమీ తీయలేదు.

"ఈదయ్యను తీసేసిన కాయితం రాసింది ఎవరు?"

"నేనే టైపు చేశాను. ఎందుకు?"

"చేతులెట్లా వచ్చినయమ్మా నీకు?"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాను, కోపంగా. "ఆ ఈదయ్యే నోరు మెదపలేదు. మధ్యలో నీకేంటి?"

"ఆయన మెదపడు. నేను మెదుపుతా. ఆరేండ్లు ఈడికొచ్చి అరిసిన. ఈ ఏడు అరవనీకి రాలేదు. ఎందుకు రాలేదో అడిగినరా ఒక్కరన్నా?"

అఖిల తన గదిలోంచి బయటికొచ్చింది. "అమ్మా, మీ చివర తూముకి నీళ్లే లేవు గద?"

బాలమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. "లేవని ఎవరు చెప్పిండ్రు?"

"షీటు..." అని ఆగింది అఖిల.

"ఆ షీటో గీటో, దాన్ని తీసుకొచ్చి నా మడిలో నిలబెట్టు. మోకాలి దాకా దిగకపోతే నన్నడుగు."

జీపు డీఈ సార్‌తో సూర్యాపేట మీటింగుకి పోయింది. అఖిల రెండు నిమిషాలు ఆలోచించి, బ్యాగు భుజాన వేసుకుని, "మేడం, మీరు కూడ రండి" అంది. నేనెందుకు అందామనుకున్నాను. ఆమె మొహం చూశాక అనలేదు. ముగ్గురం కోదాడ బస్సెక్కాం. అక్కడి నుంచి ఆటో.

ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ గేజీ అంకెలు రాశాను. ఆ గేజీని చూడటం అదే మొదటిసారి. చెప్పుకోవడానికి నామోషీగా ఉంది, కానీ నిజం.

కాలువ నిండుగా ఉంది. బాలమ్మ మడి పొట్టమీద ఉంది, తూము నుంచి నీళ్లు గలగలమని దిగుతున్నాయి. ఆ పక్క మడి, దాని పక్క మడి, చూపు ఆనినంత మేరా వరి నల్లగా నవనవలాడుతోంది. అఖిల గట్టు మీదే నిలబడిపోయింది.

గేటు దగ్గర నడుము లోతు నీళ్లలో ఈదయ్య ఉన్నాడు. కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క పీకి గట్టు మీదకి విసురుతున్నాడు. మమ్మల్ని చూసి బయటికొచ్చి, తలపాగాతో చేతులు తుడుచుకుని నమస్కారం పెట్టాడు.

"నిన్ను తీసేశారు కదయ్యా, ఇంకా ఇక్కడేం చేస్తున్నావు?" అన్నాను.

"నీళ్లు ఆదివారం దాంక ఉంటయి మేడం. కొత్తాయన సోమవారం వస్తడట. నడుమ ఎవలకు అప్పజెప్పి పోవాలె? పొలాలు పొట్టమీదున్నయి."

అఖిల అడిగింది. "ఇప్పుడు గేజీ ఎంతుంది ఈదయ్యా?"

"రెండు పది."

"అంటే రెండు పాయింట్ ఒకటి."

"కాదు మేడం. రెండు పది. మూడుకు రెండే తక్కువ."

అఖిల చెప్పులు విడిచి, గేజీ గోడ పక్కన మెట్లు దిగింది. నీళ్లు మూడు అంకెకి రెండు వేళ్ల కిందే ఉన్నాయి. ఆమె మూడు నుంచి నాలుగు దాకా ఉన్న గీతల మీద వేలు పెట్టి పైకి లెక్కపెట్టింది. "ఒకటి, రెండు, మూడు..." పది దగ్గర నాలుగు రావాలి, రాలేదు. "పదకొండు" అంది, గొంతు తగ్గించి. పన్నెండో గీత నాలుగు మీద పడింది.

అక్కడే మెట్టు మీద కూర్చుంది. ఆమె చున్నీ కొంగు నీళ్లలో తడుస్తోంది, చూసుకోలేదు.

"పాయింట్ తర్వాత రాసేది అంగుళాలా?"

"మరేంది మేడం?" అన్నాడు ఈదయ్య, ఆశ్చర్యంగా. "అడుగుకు పన్నెండంగుళాలు గద. మా తాతల కాడికెల్లి గంతే రాస్తరు."

నాకు తెలుసు. ఆ రిజిస్టర్‌లో 2.10 అంటే రెండడుగుల పదంగుళాలని, 2.11 అంటే రెండడుగుల పదకొండంగుళాలని నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచీ తెలుసు. ఆ చుక్క అడుగుకీ అంగుళానికీ మధ్య గోడ. అఖిల చదివిన చదువులో అది దశాంశం. కంప్యూటరుకీ అంతే. రెండడుగుల పదంగుళాలని అది 2.1గా చూసింది, రెండున్నర కంటే తక్కువ కాబట్టి ఎర్రబరిచింది. పదకొండంగుళాలూ అంతే. అంటే నీళ్లు అన్నిటికంటే బాగా నిలబెట్టిన మనిషి గడులే ఎర్రబడ్డాయి. నాలుగో గేజీవాడి రెండడుగుల ఐదంగుళాలు, రెండున్నరకి అంగుళం తక్కువైనా, పచ్చగా వెలిగిపోయాయి. ఈ సంగతి తెలియనివాళ్లు ఉంటారని నాకు ఒక్కసారైనా తట్టలేదు. సున్నా పోతోందని గొణిగానే గానీ, ఆ సున్నా ఏమిటో చెప్పలేదు.

అఖిల లేచి పైకొచ్చింది. ఈదయ్య ముందు నిలబడింది.

"తప్పు నాది ఈదయ్యా. నువ్వు రాసింది కరెక్టు. నేనే అడగలే. నన్ను మాఫ్ చెయ్యి."

"అయ్యో, గదేంది మేడం, మీరు చదువుకున్నోళ్లు" అంటూ ఈదయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు చొక్కాజేబులోంచి ప్లాస్టిక్ కవర్ తీశాడు. అందులో మడతపెట్టిన కాగితం ఉంది. నేను టైపు చేసిన లెటరే. విప్పి, తిరగేసి ఆమె చేతికిచ్చాడు.

"బుక్కు తీసుకపోయిండ్రు మేడం. ఫోను గూడ. గేజీ రాయకుంటె ఎట్ల? అందుకే గిండ్ల రాసుకున్న. మీకు అక్కరకొస్తదేమో."

లెటర్ వెనకవైపు, పెన్సిలుతో, తేదీలు వేసి రాసి ఉంది. బుధవారం సాయంత్రం 2.10. గురువారం పొద్దున 2.11. సాయంత్రం 2.11. శుక్రవారం పొద్దున 2.10.

ఉద్యోగం తీసేశామని రాసిన కాగితం మీదే ఉద్యోగం చేశాడు. నాకు ఏడుపొచ్చింది. ఎదుట బాలమ్మ ఉన్నా ఆపుకోలేదు.

అఖిల ఆ కాగితాన్ని ఫోటో తీసుకుని, తిరిగి అతనికిచ్చి, డీఈ సార్‌కి ఫోన్ చేసింది. ఎత్తలేదు. "సూర్యాపేట పోదాం మేడం" అంది.

"ఇప్పుడా? మీటింగులో నలుగురుంటారమ్మా. సోమవారం ఆఫీసులో మెల్లగా చెబుదాం. నీ ఉద్యోగం కొత్తది."

"ఈదయ్య పేరు నలుగురిలనే ఎర్రగయింది మేడం. చెప్పేది గూడ నలుగురిలనే చెప్పాలె."

నా సర్వీసులో చాలామంది ఇంజనీర్లను చూశాను. తప్పు జరిగితే పైకి నెట్టినవాళ్లు, కిందకి నెట్టినవాళ్లు, ఫైలే మాయం చేసినవాళ్లు. బస్సు కోసం ఎండలో నిలబడి తప్పు ఒప్పుకోవడానికి పోయిన మనిషిని ఈమెనే చూశాను.

సూర్యాపేట చేరేసరికి సాయంత్రం టీల వేళ. హాలు బయట వరండాలో పదిమంది ఇంజనీర్లు, మధ్యలో మా డీఈ సార్. చేతిలో ఆ రంగుల షీటు. "మా ఏఈ చేసింది. ఒక్క చూపుల కాలువంత కనబడతది" అని అందరికీ చూపిస్తున్నాడు. అఖిలని చూసి, "ఇగో, వచ్చింది కూడ!" అన్నాడు, సంబరంగా.

"సార్, అది తప్పు" అంది అఖిల.

పెన్ను తీసి తన అరచేతి మీద 2.10 రాసి, చుక్క తర్వాత అంగుళాలని చెప్పింది. సున్నా ఎలా పోయిందో, ఎరుపు ఎలా వచ్చిందో చెప్పింది. చివరి తూము కింద పొలాలు ఎలా ఉన్నాయో చెప్పి ఫోన్లో చూపించింది. "కాలువ మొత్తంల అందరికంటే మంచిగ పనిచేసిన మనిషిని నా షీటు దొంగను చేసింది సార్. గేజీ చూడకుండ షరతు పెట్టిన. తప్పు నాది."

వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు నేనూ నోరు తెరిచాను. "ఆమెది సగమే సార్. అంగుళాల సంగతి తెలిసీ చెప్పనిది నేను."

డీఈ సార్ మొహం కందగడ్డయింది. "గింత మందిల చెప్పాలెనా అఖిలా?"

"గింత మందికి సూపెట్టినం గద సార్."

ఆయన ఆ షీటు కిందకి దించాడు. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నా వైపు తిరిగాడు. "మేడం, ఆ లెటర్ క్యాన్సిల్ చెయ్యాలె. ఎన్ని రోజులైతది?"

"మామూలుగా నాలుగు రోజులు సార్. దీన్ని రేపు నేనే తీసుకుపోతా."

తీసుకుపోయాను. శనివారం పొద్దున్నే టైపు కొట్టి, సార్ ఇంటికెళ్లి సంతకం పెట్టించి, కాంట్రాక్టరు దగ్గర ఈదయ్య ఫోను తీసుకుని, కోదాడ బస్సెక్కాను. ఈదయ్య గేటు పక్కన అన్నం తింటున్నాడు. చేయి కడుక్కొచ్చి, లెటర్ అక్షరం అక్షరం చదివాడు. మడిచి, ఫోనుతో పాటు జేబులో పెట్టుకున్నాడు.

"పాతది నాకివ్వు" అన్నాను.

"చింపేస్త తియ్యి మేడం. ఎందుకది?"

"చింపకు. ఇటివ్వు."

ఇచ్చాడు. శుక్రవారం సాయంత్రం, శనివారం పొద్దున అంకెలు కూడా దాని మీదకి ఎక్కాయి. నేను కదలబోతుంటే వెనక నుంచి పిలిచి, "మేడం, నా సున్నను ఇగ మింగరు గద?" అన్నాడు. అతను నవ్వగా చూడటం అదే మొదలు.

సోమవారం అఖిల షీటు మార్చింది. ఇప్పుడు ఒక్కో గేజీకి రెండు గడులు. ఒకదాంట్లో అడుగులు, ఇంకోదాంట్లో అంగుళాలు. పక్కన మొత్తం అంగుళాలు అదే లెక్క కట్టుకుంటుంది. ముప్పైకి తక్కువైతే ఎరుపు. అంగుళాల గడిలో పన్నెండు కొడితే ఒప్పుకోదు, గొణుగుతుంది. ఇంత తెలివి ఆ యంత్రానిది కాదని నాకిప్పుడు తెలుసు. ఎవరో వెళ్లి గేజీ గీతలు లెక్కపెట్టి వస్తేనే దానికి తెలుస్తుంది. అఖిల ఆ వారంలో ఆరు గేజీలూ తిరిగి వచ్చింది.

అంకెలన్నీ మళ్లీ నేనే కొడతానన్నాను. పొద్దంతా పట్టింది. నాలుగో గేజీ వరస ఒక్కో గడీ ఎర్రబడుతూ పోయింది. ఆ లష్కరు గేజీ వైపు పోకుండానే పడుకున్న చోటి నుంచి రోజూ ఒకే అంకె పంపేవాడని తేలింది. ఆరో వరస పై నుంచి పచ్చబడుతూ వచ్చింది. రెండు, పది. పచ్చ. రెండు, పదకొండు. పచ్చ. చివర ఆరు బూడిదగడులు మిగిలాయి. ఈదయ్య కాగితం ముందు పెట్టుకుని, వెనకవైపు చూసి అవి కూడా కొట్టాను. ఆరూ పచ్చబడ్డాయి. అఖిల నా కుర్చీ వెనక నిలబడి చూస్తూ, నా భుజం మీద చెయ్యి వేసింది.

తర్వాత కాంట్రాక్టరు దగ్గర నుంచి తెప్పించిన ఆరో గేజీ రిజిస్టర్ తెరిచాను. బుధవారం సాయంత్రం నుంచి ఆ పేజీ ఖాళీగా ఉంది. ఈదయ్య కాగితాన్ని అక్కడ అంటించాను. పెన్సిలు అంకెలు పైకి, నేను టైపు చేసిన వైపు కిందకి. మళ్లీ ఎవరూ ఊడదీసి చదవకుండా గమ్ము దండిగా రాశాను.